గీత దాటని తీర్పు

సరిహద్దులో బతికేవాళ్లకు గీత అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు బరంపురం, పర్లాకిమిడి అటు పోయాయి. 1953లో బళ్లారి మైసూరు వైపు పడింది. హోసూరు తమిళనాట ఉండిపోయింది. సిరొంచ మహారాష్ట్రలో, యానాం పుదుచ్చేరిలో. మన తాతలు ఉన్న ఊళ్లోనే ఉన్నారు, గీత మాత్రం ఇంటి పక్కనుంచి పోయింది. ఆ గీతకు ఏ పక్కన పుట్టాం అన్నదాన్ని బట్టి పిల్లవాడి బడి, బడిలో భాష, పుస్తకం, పరీక్ష అన్నీ మారిపోయాయి.

అందుకే అమెరికా కోర్టుల కథ ఒకటి మనకు త్వరగా అర్థమవుతుంది. నల్లపిల్లలకో బడి, తెల్లపిల్లలకో బడి అని విడదీసిన చట్టాలను అక్కడి సుప్రీంకోర్టు 1954లో కొట్టేసింది. ఆ సంగతి చాలామందికి తెలుసు. సరిగ్గా ఇరవై ఏళ్ల తర్వాత, 1974లో, అదే కోర్టు ఒక గీత దగ్గరకొచ్చి ఆగిపోయింది. ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. నన్నడిగితే మనం ఎక్కువ శ్రద్ధగా చదవాల్సింది ఈ రెండో తీర్పునే. పిల్లల్ని విడదీసిన తలుపును కోర్టు తెరవగలదు. గడప దాటించడానికి మాత్రం డబ్బు, అధికారి, వెంటపడే జనం కావాలి. ఆ గడప ఎక్కడుందో నిర్ణయించే గీతను ముట్టుకోకపోతే తెరిచిన తలుపు కూడా సగమే పనిచేస్తుంది.

బస్సు అడిగితే కేసయింది

మొదట తలుపు మూసింది కూడా కోర్టే. 1896లో ప్లెసీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు రైలుపెట్టెల్లో తెల్లవాళ్లను, నల్లవాళ్లను వేరుగా కూర్చోబెట్టడం తప్పు కాదంది. వేరుగా ఉన్నా సమానంగా ఉంటే చాలు అన్నది ఆ తీర్పు సారం. ఒక్క న్యాయమూర్తి, జస్టిస్ హార్లన్, ఒప్పుకోలేదు. ఆ మాట రైలుపెట్టె నుంచి బడిదాకా పాకింది. 1927లో మిసిసిపీలో ఒక చైనా కుటుంబం తమ అమ్మాయిని తెల్లపిల్లల బడిలో చేర్చుకోమని కోర్టుకెళ్తే, కుదరదు, ఆమె తెల్ల అమ్మాయి కాదు కనక వేరే బడికి పంపవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఆ గీత నల్లవాళ్లతో ఆగలేదు, ఆసియా వాళ్ల మీదుగానూ పోయింది.

వేరు అన్నది అక్షరాలా అమలైంది, సమానం అన్నది కాగితం మీద మిగిలింది. దక్షిణ కరొలైనాలో క్లారెండన్ కౌంటీ తల్లిదండ్రులు మొదట అడిగింది కలిసి చదువుకునే హక్కు కాదు. ఒక బస్సు. తెల్లపిల్లలకు బస్సులున్నాయి, నల్లపిల్లలకు ఒక్కటీ లేదు, మైళ్లకు మైళ్లు నడవాలి. బస్సు ఇవ్వమన్నారు. దాంతో అడగడం పెద్దదై కేసయింది. కేసులో మొదటి పేరున్న హ్యారీ బ్రిగ్స్‌కు పెట్రోలు బంకులో పని పోయింది. ఆయన భార్య ఉద్యోగమూ పోయింది. వర్జీనియాలో ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీలో హైస్కూలు చాలక తారుకాగితం కప్పిన షెడ్లలో పాఠాలు చెప్పేవారు. 1951లో బార్బరా జాన్స్ అనే పదహారేళ్ల అమ్మాయి ముందుండి నాలుగు వందలకు పైగా పిల్లలతో బడి బహిష్కరింపజేసింది. కాన్సాస్, డెలావేర్, రాజధాని వాషింగ్టన్ కేసులు కూడా వీటితో పాటు సుప్రీంకోర్టు ముందుకొచ్చాయి. అన్నిటికీ కలిపి నిలిచిన పేరే బ్రౌన్ కేసు.

వీటిని నడిపిన లాయరు థర్గుడ్ మార్షల్. ఆయన గురువు చార్లెస్ హ్యూస్టన్ వేసిన ఎత్తు ఒకటుంది. ఒక్కసారిగా కొండను ఢీకొనవద్దు, ముందు లా కాలేజీలు, యూనివర్సిటీల దగ్గర మొదలుపెట్టు అన్నది. 1938లో మిసోరీ, 1950లో టెక్సాస్, ఒక్లహోమా కేసులు అలా గెలిచారు. ఒక్లహోమాలో కోర్టు చెప్పిందని ఒక నల్లజాతి పెద్దాయన్ను యూనివర్సిటీలో చేర్చుకున్నారు గానీ, తరగతి గది పక్క గదిలో విడిగా కూర్చోబెట్టారు. లోపలికి రానిచ్చాక కూడా దూరం ఎలా పెట్టవచ్చో మన ఊళ్లలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు.

1954 మే 17న ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ తీర్పు చదివారు. తొమ్మిదిమందిదీ ఒకటే మాట: బడుల్లో వేరు చేయడమే అసమానత.

తీర్పు వచ్చింది, పిల్లలు వెళ్లలేదు

ఇక్కడితో కథ అయిపోతే సినిమా అయ్యేది. మరుసటేడు, 1955 మేలో, అమలు ఎలా అన్న ప్రశ్నకు అదే కోర్టు జవాబిచ్చింది. గడువు పెట్టలేదు. ఆలోచనతో కూడిన వేగంతో చేయండి అని ఒక మెత్తని మాట వాడి, పనిని కింది ఫెడరల్ కోర్టులకు వదిలేసింది. అందులో ఆలోచన అన్న మాటను దక్షిణాది రాష్ట్రాలు గట్టిగా పట్టుకున్నాయి, వేగం అన్న మాటను వదిలేశాయి.

1957లో ఆర్కన్సా రాష్ట్రం లిటిల్ రాక్‌లో తొమ్మిదిమంది నల్లపిల్లలు హైస్కూలుకు వెళ్తే గవర్నర్ ఫాబస్ రాష్ట్ర సైనికుల్ని అడ్డం పెట్టాడు. చివరికి అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 101వ ఎయిర్‌బోర్న్ దళాన్ని దించితే తప్ప పిల్లలు తరగతిలోకి వెళ్లలేకపోయారు. మరుసటేడు కోర్టు మళ్లీ గట్టిగా చెబితే గవర్నర్ ఊళ్లో హైస్కూళ్లనే ఏడాదిపాటు మూయించాడు. 1960లో న్యూ ఆర్లీన్స్‌లో ఆరేళ్ల రూబీ బ్రిడ్జెస్ ఫెడరల్ మార్షల్స్ కాపలాతో ఒకటో తరగతికి వెళ్లింది. తల్లిదండ్రులు తెల్లపిల్లల్ని మాన్పించేశారు, ఆ పాప ఒక్కతే టీచరు ముందు కూర్చుని చదువుకుంది.

బార్బరా జాన్స్ కౌంటీ ఇంకో అడుగు ముందుకు వేసింది. నల్లపిల్లలతో కలిసి చదివించడం కన్నా అసలు బడే లేకపోవడం మేలనుకుని 1959లో సర్కారు బడులన్నీ మూసేసింది. తెల్లపిల్లలకు ప్రైవేటు బడి పెట్టుకున్నారు. నల్లపిల్లలు వేరే ఊళ్లలో చుట్టాల ఇళ్లకు పోయారు, లేదా చదువే మానేశారు. 1964లో సుప్రీంకోర్టు ఆదేశించేదాకా ఐదేళ్లు బడి తెరవలేదు. 1959లో ఒకటో తరగతిలో చేరాల్సిన పిల్లకు పలక పట్టే వయసు పోయింది. కోర్టు గెలిచింది, ఆ పిల్ల ఓడింది.

1963-64 నాటికి, అంటే తీర్పు వచ్చి పదేళ్లు గడిచాక, పాత సమాఖ్య దక్షిణాది పదకొండు రాష్ట్రాల్లో తెల్లపిల్లలతో కలిసి చదువుతున్న నల్లపిల్లలు నూటికి ఒక్కరికి కాస్త పైన. పదేళ్లకు నూటికి ఒక్కరు!

డబ్బు మాట వచ్చాక కదిలింది

అయితే 1972 నాటికి అదే దక్షిణాదిలో లెక్క నూటికి తొంభై దాటింది. ఎనిమిదేళ్లలో ఏం జరిగింది? 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. వివక్ష చూపే సంస్థకు ఫెడరల్ నిధులు ఆపేయవచ్చంది. తల్లిదండ్రుల తరఫున ప్రభుత్వమే కేసు వేయవచ్చంది. అంటే ఇక హ్యారీ బ్రిగ్స్‌లు ఉద్యోగం పోగొట్టుకోనక్కర్లేదు. 1965లో బడులకు పెద్దఎత్తున ఫెడరల్ డబ్బు ఇచ్చే చట్టం వచ్చింది. పోగొట్టుకోవడానికి డబ్బంటూ ఉంటేనే కదా భయం. అప్పుడు విద్యాశాఖ అధికారులు లెక్కలడిగారు, కోర్టులు ఆ లెక్కల్ని పట్టుకుని ఆదేశాలిచ్చాయి.

కోర్టు కూడా మాట మార్చింది. 1968లో వర్జీనియా న్యూ కెంట్ కౌంటీ కేసు చూడండి. అక్కడ రెండే బడులు, ఒకటి తెల్లవాళ్లది, ఒకటి నల్లవాళ్లది. ఎవరికి నచ్చిన బడి వాళ్లు ఎంచుకోవచ్చు అని బోర్డు చెప్పి చేతులు దులుపుకుంది. మూడేళ్లలో నల్లవాళ్ల బడిని ఎంచుకున్న తెల్లపిల్లవాడు ఒక్కడూ లేడు. నల్లపిల్లల్లో నూటికి ఎనభై ఐదుగురు పాత బడిలోనే ఉన్నారు. ఇది ఎంపిక కాదు, భారాన్ని పిల్లల నెత్తిన పెట్టడం అని కోర్టు తేల్చింది. పనిచేసే పథకం కావాలి, ఇప్పుడే పనిచేయాలి అంది. 1971లో ఉత్తర కరొలైనాలోని షార్లట్ కేసులో, పిల్లల్ని బస్సుల్లో ఒక పేట నుంచి ఇంకో పేట బడికి పంపమని ఆదేశించే అధికారం జడ్జీలకుందని ఒప్పుకుంది. తల్లిదండ్రులు మొదట ఒక బస్సు అడిగిన కథ చివరికి బస్సు దగ్గరికే వచ్చింది.

ఇందులో నష్టపోయినవాళ్లూ ఉన్నారు, దాచక్కర్లేదు. రెండు బడులు కలిపినప్పుడు మూతపడింది చాలాచోట్ల నల్లవాళ్ల బడే. వేలాదిమంది నల్లజాతి టీచర్లు, హెడ్మాస్టర్లు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. కలపడం అంటే ఒకరి బడిలోకి ఇంకొకర్ని తోలడం కాదు కదా. ఆ బడిలో పాఠం చెప్పే పంతులు ఎవరు, పెత్తనం ఎవరిది అన్నది కూడా చూడాలి. కోర్టులు దాన్ని ఆలస్యంగా చూశాయి.

అయినా ఫలం లేకపోలేదు. బర్కిలీ ఆర్థికవేత్త రకర్ జాన్సన్ ఆ పిల్లల జీవితాలను పెద్దయ్యేదాకా వెంటాడి లెక్క తీశారు. కోర్టు ఆదేశంతో కలిసి చదివిన నల్లపిల్లలు ఎక్కువ చదివారు, ఎక్కువ సంపాదించారు, జైలు పాలైనవాళ్లు తగ్గారు. తెల్లపిల్లలకు నష్టమేమీ కనిపించలేదు.

డెట్రాయిట్ పొలిమేరలో

ఇప్పుడు గీత దగ్గరకొద్దాం. అమెరికాలో బడుల్ని నడిపేది స్కూల్ డిస్ట్రిక్ట్. మన జిల్లా లాంటిది కాదు. దానికి సొంత బోర్డు, సొంత పన్ను, సొంత హద్దు. షార్లట్‌లో పట్నమూ చుట్టూ పల్లెలూ కలిపి ఒకటే డిస్ట్రిక్ట్, సుమారు 84,000 మంది పిల్లలు. అక్కడ బస్సు పథకం నుంచి తప్పించుకోవాలంటే కౌంటీ దాటి దూరం పోవాలి. డెట్రాయిట్ అలా కాదు. పట్నం ఒక డిస్ట్రిక్ట్, చుట్టూ శివార్లలో డజన్లకొద్దీ డిస్ట్రిక్ట్‌లు. తెల్లవాళ్లు శివార్లకు పోయారు. ఇళ్లు అమ్మేవాళ్లు, అప్పులిచ్చే బ్యాంకులు, సర్కారు నిబంధనలు కలిసి నల్లవాళ్లను అటు పోనివ్వలేదు. పట్నం బడుల్లో మూడింట రెండొంతులకు పైగా నల్లపిల్లలే మిగిలారు. పట్నం లోపల ఎన్ని బస్సులు తిప్పితే ఏం లాభం?

జిల్లా జడ్జి స్టీఫెన్ రాత్ ఇది గమనించి, శివార్లలోని 53 డిస్ట్రిక్ట్‌లను కూడా కలిపి పథకం వేయమన్నారు. 1974 జులైలో సుప్రీంకోర్టు ఐదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా చీలి దాన్ని కొట్టేసింది. శివారు డిస్ట్రిక్ట్‌లు తప్పు చేసినట్టు రుజువు కాలేదు, కనక గీత దాటకూడదు అంది.

ఆ నలుగురిలో ఒకరు థర్గుడ్ మార్షల్. 1954లో లాయరుగా గెలిచినాయన, 1967లో సుప్రీంకోర్టుకు తొలి నల్లజాతి న్యాయమూర్తిగా వచ్చినాయన, 1974లో అదే కోర్టులో కూర్చుని ఓడిపోయారు. మహానగరాలను తెల్ల ఊరు, నల్ల ఊరు అని రెండుగా చీలనివ్వడం ఇప్పటికి తేలికే కావచ్చు, తర్వాత జనమే చింతిస్తారు అని ఆయన భిన్నాభిప్రాయంలో హెచ్చరించారు. అదే జరిగింది. 1991 ఒక్లహోమా సిటీ తీర్పుతో పాత ఆదేశాల నుంచి డిస్ట్రిక్ట్‌లు బయటపడే దారి సులువైంది. 2007లో సియాటిల్, లూయీవిల్ బోర్డులు తమంతట తామే పిల్లల్ని కలపాలని చూస్తే, అందుకు ఒక్కో పిల్లవాడి జాతిని లెక్కలోకి తీసుకున్న పద్ధతి కుదరదంది కోర్టు.

మన ఇళ్ల నుంచి అమెరికా వెళ్లిన పిల్లలు ఇల్లు కొనేటప్పుడు ఫోన్లో ఏం చెబుతారో గుర్తు చేసుకోండి. ఇంటికి ఎన్ని గదులో తర్వాత. ముందు చెప్పేది, స్కూల్ డిస్ట్రిక్ట్ మంచిది నాన్నా అని. వాళ్ల తప్పేం లేదు, ఏ తండ్రయినా అదే చూస్తాడు. కానీ ఆ మంచి డిస్ట్రిక్ట్ గీతకు అవతల పక్క ఎవరి పిల్లలున్నారు, ఆ గీత దాటకూడదని ఎవరు ఎప్పుడు చెప్పారు అన్నది కూడా తెలిసి ఉండాలి.

కోర్టులకెందుకీ పని?

ఓటుతో ఎన్నిక కాని జడ్జీలు బడుల్ని నడపడమేమిటి అని అక్కడ ఎప్పుడూ ఒక వాదన ఉంది. 1974లో బోస్టన్‌లో జడ్జి గారిటీ ఆదేశించిన బస్సుల మీద రాళ్లు పడ్డాయి. మార్పు తెచ్చింది చట్టసభలే, కోర్టులు పెద్దగా చేసిందేమీ లేదని రాసిన పండితులూ ఉన్నారు. నూటికి ఒక్కరు అన్న లెక్క చూస్తే అందులో నిజముంది. కానీ దక్షిణాది నల్లవాళ్లకు ఓటు ఉంటే కదా చట్టసభ వినేది? విడదీసే చట్టాలు చేసింది ఆ చట్టసభలే. తలుపులన్నీ మూసినప్పుడు తట్టడానికి మిగిలింది కోర్టు తలుపొక్కటే. 1954 తీర్పు లేకపోతే 1964 చట్టం అడగడానికి చేతిలో ఏముండేది? కోర్టు ఒక్కటే చాలదు అనడం సరే. కోర్టు అక్కర్లేదు అనడం వేరు.

మన గుమ్మంలో గీత

మన రాజ్యాంగం, మన కులాలు వేరు. అమెరికా లెక్కను తెచ్చి ఇక్కడ అతికించనక్కర్లేదు. కానీ గీత సంగతి మాత్రం ఒకటే. 2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడుల్లో ఒకటో తరగతి సీట్లలో కనీసం 25 శాతం చుట్టుపక్కల పేద, వెనకబడిన పిల్లలకివ్వాలంది. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. ఆ తర్వాత ఏమైంది? కర్ణాటకలో 2018 డిసెంబరులో నిబంధన మార్చారు. దగ్గర్లో సర్కారు బడో ఎయిడెడ్ బడో ఉంటే ప్రైవేటు బడికి ఈ కోటా వర్తించదన్నారు. 2019లో హైకోర్టు సరేనంది. కోటా సీట్లు ఒక్కసారిగా పడిపోయాయి. 2024 ఫిబ్రవరిలో మహారాష్ట్ర కూడా కిలోమీటరు గీత గీసి అదే పని చేసింది. అక్కడ తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. జులైలో బాంబే హైకోర్టు ఆ నిబంధన కొట్టేసింది, ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా దాన్నే సమర్థించింది. గీత ఒకటే, గీతకు అటూ ఇటూ ఉన్న హైకోర్టుల మాట రెండు. సిరొంచ తెలుగు పిల్లవాడికి ఒక న్యాయం, బళ్లారి తెలుగు పిల్లవాడికి ఇంకో న్యాయం.

ఇంకో మాట చెబితే మనవాళ్లకే కోపం రావచ్చు. 2014లో మైనారిటీ బడులకు విద్యాహక్కు చట్టం వర్తించదని సుప్రీంకోర్టు చెప్పింది. భాషా మైనారిటీ బడులు, అంటే సరిహద్దు అవతల మన తెలుగు సంస్థలు నడిపేవీ ఇందులోకే వస్తాయి. తెలుగులో చదువుకోవడానికి బడి కావాలని అడగడం మన హక్కు. అది పిల్లల్ని విడదీయడం కాదు, మన మాట నిలుపుకోవడం. కానీ బోర్డు మీద తెలుగు పేరు, లోపల తెలుగు పీరియడ్ కూడా లేని ఇంగ్లీషు చదువు, పేదపిల్లలకు కోటా మాత్రం వర్తించదు అంటే? అప్పుడు మనమూ ఒక గీత గీసుకుని దాని వెనక దాక్కున్నట్టే. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ధర్మాసనమొకటి ఆ 2014 తీర్పు సరైనదేనా అని సందేహపడి, విషయాన్ని పెద్ద ధర్మాసనానికి పంపాలంది. కోర్టు చెప్పేదాకా ఆగాలా? మన సంఘాలు నడిపే బడుల్లో, వీధి చివర కూలీ బిడ్డకు తమంతట తామే నాలుగు సీట్లివ్వకూడదని ఏ తీర్పూ చెప్పలేదే.

మన భాష బడుల కోసం కోర్టు మెట్లెక్కినవాళ్లకు మిగతాది తెలుసు. ఉత్తర్వు వస్తుంది, టీచరు రాడు. టీచరు వస్తాడు, పుస్తకం రాదు. క్లారెండన్ తల్లిదండ్రులు నేర్పేదిదే. తీర్పు వచ్చిన రోజు మిఠాయిలు పంచండి, తప్పులేదు. మర్నాడు పొద్దున్నే మాత్రం మూడు ప్రశ్నలు రాసుకుని విద్యాశాఖ ఆఫీసుకు వెళ్లండి: గడువు ఎప్పటికి, డబ్బు ఎక్కడిది, జవాబు చెప్పే అధికారి ఎవరు? ఈ మూడింటికీ జవాబు లేని తీర్పుకు అమెరికాలో పదేళ్లలో దక్కింది నూటికి ఒక్క పిల్లవాడు. అంతకాలం ఆగే ఓపిక పెద్దవాళ్లకు ఉండొచ్చు. ఒకటో తరగతి వయసుకు ఉండదు.